నాలుక చేప: కడలి అడుగున ఒక కాపురం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన విజ్ఞాన సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగపాఠం)



విజ్ఞాన సభలో ఏ విషయం మీద మాట్లాడాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అంతరిక్షం గురించి మాట్లాడమని కొందరు, కంప్యూటర్ల గురించి మాట్లాడమని కొందరు సలహా ఇచ్చారు. అవి గొప్ప విషయాలే. అయితే గంజాం తీరాన, అలల చప్పుడు తరగతి గదిలోకి వినవచ్చే ఈ బడిలో, తెల్లవారుజామున తండ్రి వల లాగుతుంటే తాడు పట్టి, ఆ తడి చేతులతోనే పలక పట్టిన పిల్లలు ఎందరో చదువుకున్నారు. వారి ఇండ్ల ముందు ఇసుకమీద ఎండే చేపలలో ఒకదానిని ఈనాడు నేను మీ ముందుకు తెచ్చాను. అది నాలుక చేప. చందువకున్న గౌరవం దీనికి లేదు, వంజరానికున్న ధర దీనికి రాదు. గంపలో అడుగున పడి ఉంటుంది. అయినా ప్రాణిశాస్త్రంలో దీనిదొక అపూర్వమైన అధ్యాయం. చార్లెస్ డార్విన్ అంతటివాడు దీనికోసం సమాధానం వెదకవలసి వచ్చింది.

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. బల్లపరుపుగా ఉండే చేపలన్నీ ఒక జాతివి కావు. చందువ పలుచని చేపయే. కాని అది నిలువుగా ఈదుతుంది. దానికి ఈ ప్రక్క ఒక కన్ను, ఆ ప్రక్క ఒక కన్ను. టేకు చేప కూడా చదునైనదే. అది పొట్ట ఆనించి పడుకుంటుంది. ఎవరో పైనుండి అదిమినట్లు దాని శరీరం వెడల్పవుతుంది. కుడి ఎడమలు సమానంగానే ఉంటాయి. నాలుక చేప సంగతి వేరు. అది పొట్టమీద పడుకోదు, ప్రక్కమీద పడుకుంటుంది. మనం పైనుండి చూచేది దాని వీపు కాదు, దాని ఒక ప్రక్క. నేలకానిన తెల్లని భాగం పొట్ట కాదు, రెండవ ప్రక్క. పైకి కనబడే ప్రక్కననే రెండు కళ్ళూ ఉంటాయి. వెన్నెముక గల జంతువులలో తల ఇంతగా ఒక వైపునకు మెలితిరిగిన ప్రాణులు ఇవి తప్ప వేరు లేవు. వీటన్నిటినీ కలిపి శాస్త్రజ్ఞులు ఒకే క్రమంలో చేర్చారు. ప్రపంచం మొత్తంమీద ఈ క్రమంలో ఏడువందలకు పైగా జాతులున్నవి. మన అరచేతిలో ఇమిడే చిన్న చేపలు మొదలు, అట్లాంటిక్ మహాసముద్రపు చల్లని నీళ్ళలో రెండు మీటర్లకు మించి పెరిగే హాలిబట్ వరకు అన్నీ ఈ కుటుంబీకులే.

ఇక దీని పుట్టుకను చూద్దాం. చిత్రమేమంటే నాలుక చేప వంకరగా పుట్టదు. తల్లి విడిచిన గుడ్లు నీటిపై భాగాన తేలియాడుతూ పొదుగుతాయి. బయటికి వచ్చే డింభకం గాజువలె పారదర్శకంగా, ఇతర చేపపిల్లల వలెనే నిటారుగా ఈదుతుంది. దానికి చెరియొక వైపున చెరియొక కన్ను ఉంటుంది. కంటికి కనబడని ప్లవకాలను తింటూ ప్రవాహం ఎటు తీసికొనిపోతే అటు పోతుంది. కొన్ని వారాలు గడచిన పిమ్మట, శరీరం సుమారు ఒక సెంటీమీటరు ఉన్న దశలో, దానిలో ఒక మార్పు మొదలవుతుంది. ఒక కన్ను తానున్న చోటు వదలి, తల మీదుగా రెండవ వైపునకు ప్రయాణం చేస్తుంది. కన్ను ఒక్కటే కాదు. కపాలంలోని ఎముకలు మెలిదిరుగుతాయి, కండరాలు, నరాలు వాటి ననుసరిస్తాయి. ఒక ప్రక్క రంగు దేరుతుంది, రెండవ ప్రక్క వెలవెలబోతుంది. తోకకప్ప కప్పగా మారేటప్పుడు అవటుగ్రంథి స్రవించే హార్మోను పనిచేస్తుందని మనం తరగతిలో చదువుకున్నాం. ఇక్కడ పనిచేసేది కూడా ఆ హార్మోనే. ఈ రూపవిక్రియ పూర్తయ్యేసరికి పిల్లచేప ఒక ప్రక్కకు ఒరిగి, అడుగునకు దిగి, ఇసుకమీద వాలుతుంది. ఆనాటి నుండి నేలయే దాని ఇల్లు. నీటిలో తేలడానికి చాల చేపలకు ఉపయోగపడే గాలితిత్తి పెరిగిన నాలుక చేపలో ఉండదు. నేలమీద కాపురముండే ప్రాణికి తేలే సాధనంతో పనేమి?

ఈ కన్ను ప్రయాణమే పందొమ్మిదవ శతాబ్దంలో పెద్ద వివాదానికి దారితీసింది. జీవులు కొద్దికొద్ది మార్పులతో, ప్రతి మార్పు వల్లనూ కొంత ప్రయోజనం పొందుతూ, తరతరాలుగా రూపొందాయని డార్విన్ సిద్ధాంతం. 1871లో సెయింట్ జార్జ్ మీవర్ట్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక పదునైన ప్రశ్న వేశాడు. కన్ను పూర్తిగా రెండవ వైపునకు చేరితే లాభమే. సగం దూరం వచ్చి ఆగితే ఆ చేపకు ఒరిగేదేమిటి? అని. డార్విన్ ఈ ప్రశ్నను త్రోసిపుచ్చలేదు. 1872లో వెలువడిన తన గ్రంథపు ఆరవ కూర్పులో దీనికి సమాధానం వ్రాశాడు. ప్రక్కకు ఒరిగిన పిల్లచేపలు క్రిందివైపు కంటిని పైకి త్రిప్పడానికి ప్రయాసపడతాయన్న పరిశీలనను అందులో ఉదాహరించాడు. అయినను సగం దారిలో ఆగిన కన్నుగల చేప మాత్రం నాడు ఎవరి చేతికీ చిక్కలేదు.

అది చిక్కడానికి నూటముప్పదియారు సంవత్సరాలు పట్టింది. 2008లో మాట్ ఫ్రీడ్‌మన్ అను యువ పరిశోధకుడు ఉత్తర ఇటలీలోని రాతిపొరలలో దొరికిన శిలాజాలను తిరిగి పరీక్షించాడు. అవి సుమారు ఐదుకోట్ల సంవత్సరాల నాటివి. వాటిలో ఆంఫిస్టియం, హెటెరోనెక్టీస్ అను రెండు చేపలకు ఒక కన్ను తన చోటునుండి కదలి పైకి వచ్చింది, కాని తల అంచు దాటలేదు. పెరిగిన చేపలలోనే కన్ను ఆ స్థితిలో నిలిచి ఉంది. అనగా మీవర్ట్ అసంభవమనుకొన్న చేప నిజంగా బ్రతికింది, పెరిగింది. విద్యార్థులారా, ఇందులో మీరు గ్రహించవలసినది ఒకటి ఉన్నది. ఆ శిలాజాలు కొత్తగా త్రవ్వి తీసినవి కావు. ఎంతోకాలంగా వస్తుప్రదర్శనశాలలలో భద్రంగా ఉన్నవే. చూడదలచి చూచినవానికి మాత్రమే అవి సాక్ష్యం చెప్పాయి.

సగం ప్రయాణపు ఛాయలు గల చేపను చూడడానికి ఇటలీ దాకా పోనక్కరలేదు. మన బంగాళాఖాతంలోనే పెద్దనోటి చపట చేప ఒకటి ఉన్నది. శాస్త్రంలో దానిని సెట్టోడిస్ ఎరుమెయి అంటారు. ఎరుమెయి ఏ లాటిను పదమో అని బెదరనక్కరలేదు. తమిళంలో ఎరుమై అనగా బర్రె. ఆ తీరపు జాలరులు ఈ చేపను 'ఎరుమై నాక్కు', అనగా బర్రెనాలుక అన్నారు. ఆ మాటనే 1801లో జర్మన్ శాస్త్రజ్ఞులు తమ గ్రంథంలోకి స్వీకరించారు. ఈ చేపలో ప్రయాణం చేసిన కన్ను తల అంచుమీదనే నిలిచి ఉంటుంది. వీపు రెక్క ఇతర చపట చేపలలో వలె తలమీదికి ప్రాకదు, తల వెనుకనే మొదలవుతుంది. కొన్నింటికి కళ్ళు కుడివైపున, కొన్నింటికి ఎడమవైపున ఉంటాయి. నోరు పెద్దది, పళ్ళు వాడి. ఇతర చేపలను వేటాడి తింటుంది. అప్పుడప్పుడు నిటారుగా కూడ ఈదుతుంది. పాత అలవాటును పూర్తిగా మరువని చేప ఇది.

అసలైన నాలుక చేపలు దీనికి భిన్నం. వీటి ప్రజాతికి సైనోగ్లాసస్ అని పేరు. గ్రీకు భాషలో ఆ మాటకు కుక్కనాలుక అని అర్థం. వీటి రెండు కళ్ళూ ఎడమ ప్రక్కననే ఉంటాయి. వీపు రెక్క, పొట్టక్రింది రెక్క తోకతో కలిసిపోయి ఆకు అంచువలె శరీరమంతా చుట్టి వస్తాయి. చెవుల దగ్గర ఉండవలసిన రెక్కలు వీటికి లేవు. కళ్ళు చిన్నవి, నోరు కొక్కెంలా వంగి ఉంటుంది. తమిళులు నాక్కు మీన్ అన్నా, మంగళూరు తీరాన నంగు అన్నా ఈ బంధువర్గమే. వంటకు ముందు చర్మాన్ని తలవైపు నుండి పట్టి ఒలిచే నేర్పు మన తల్లులకు తెలిసిన విద్య.

ఇవి నివసించే చోటు విచిత్రమైనది. రాతినేల వీటికి పనికిరాదు. మెత్తని ఇసుక, ఒండ్రు, బురద కావాలి. మన తీరాన ఋషికుల్య, దక్షిణాన వంశధార, నాగావళి, గోదావరి తెచ్చిపోసే ఒండ్రు అట్టి నేలను సిద్ధం చేస్తుంది. పైకి చూస్తే అది ఉత్త బురద. కాని ఆ బురదలో బొరియలు చేసుకొని జీవించే పురుగులు, చిన్న రొయ్యజాతి ప్రాణులు, గుల్లలు లెక్కకు మిక్కిలిగా ఉంటాయి. నాలుక చేపకు ముఖ్యమైన ఆహారం ఆ పురుగులే. నేలకానిన ప్రక్కన తలమీద ఉండే స్పర్శాంకురాలతో అది ఆహారాన్ని తడుముకొని పట్టుకుంటుంది. శత్రువు అలికిడి వినబడితే రెక్కల అంచులను అలలవలె వేగంగా కదిలిస్తుంది. లేచిన ఇసుక తిరిగి దాని మీదనే పడి కప్పివేస్తుంది. రెండు కళ్ళు మాత్రమే పైకి నిలిచి, ఒకదానితో ఒకటి పొత్తు లేకుండ, చెరియొక దిక్కు చూస్తుంటాయి.

ఇసుకలో దాగనప్పుడు చపట చేపలలో అనేకం రంగు మార్చుకొని దాగుకుంటాయి. 1911లో ఫ్రాన్సిస్ సమ్నర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వీటిని గచ్చులపైన, గులకరాళ్ళపైన, చదరంగపు గళ్ళపైన ఉంచి పరీక్షించాడు. అడుగు ఎట్లుంటే చేప ఒళ్ళు అట్లు మారడాన్ని ఛాయాచిత్రాలతో సహా ప్రకటించాడు. 1996లో, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించిన వి.ఎస్. రామచంద్రన్, తన సహచరులతో కలిసి ఉష్ణమండలపు ఫ్లౌండర్ చేపలమీద అట్టి ప్రయోగాలే చేశారు. రెండు మొదలు ఎనిమిది సెకనులలో ఆ చేపలు తమ మచ్చలను నేలకు తగినట్లు సరిచేసుకొనడం గమనించారు. చర్మంలోని వర్ణకణాలు ముడుచుకొనడం, విచ్చుకొనడం వల్ల ఇది జరుగుతుంది. అయితే ఏ కణం ముడుచుకోవాలో నిర్ణయించేది కన్ను. చూపు తగ్గితే వేషం తప్పుతుంది.

మనదేశంలో ఈ చేపమీద జరిగిన ఒక మంచి పరిశోధనను మీకు చెప్పక తప్పదు. చేప వయస్సు ఎట్లు తెలుసుకుంటారు? చల్లని దేశాలలో చలికాలాన ఎదుగుదల మందగించి పొలుసుమీద ఒక వలయం ఏర్పడుతుంది. చెట్టు మ్రానులో వలయాలు లెక్కించినట్లు వాటిని లెక్కిస్తారు. మన వెచ్చని సముద్రాలలో అట్టి చలికాలం లేదు గనుక ఈ పద్ధతి ఇక్కడ సాగదని అనేకులు భావించారు. 1950ల ప్రారంభంలో శేషప్ప, భీమాచార్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు కోళికోడ్ తీరంలో మలబారు నాలుక చేపను అధ్యయనం చేశారు. దాని పొలుసులమీద కూడ వలయాలున్నాయని, అవి నైరుతి ఋతుపవన కాలంలో ఏర్పడుతున్నాయని వారు చూపించారు. ఆ నెలలలో సముద్రపు అడుగు కల్లోలమవుతుంది, బురదలోని పురుగులు తగ్గిపోతాయి, చేపకు ఆహారం కరువవుతుంది. వాన వెలిసి నేల కుదుటపడి పురుగులు మళ్ళీ పెరిగినప్పుడు నాలుక చేపలు గుంపులుగా తీరానికి వస్తాయి. వానకాలపు ఆకలి ఆ చేప ఒంటిమీద గీతగా మిగిలిందన్నమాట. బురద క్షేమమే చేప క్షేమమని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావాలి?

ఇక్కడ నేను ఒక కఠినమైన విషయం ప్రస్తావించాలి. ఋతుపవనం సంవత్సరానికొకసారి వచ్చి పోతుంది. నేల తేరుకోవడానికి వ్యవధి నిస్తుంది. అడుగు వల అట్టి వ్యవధి ఇవ్వదు. ట్రాలరు లాగే వలకు ఇరువైపుల బరువైన పలకలు, క్రింద గొలుసు ఉంటాయి. అవి నేలను దున్నుకుంటూ పోతాయి. రొయ్యకోసం వేసిన వలలో నాలుక చేపలు, వాటి పిల్లలు, గుల్లలు, పురుగులు అన్నీ పడతాయి. అమ్ముడుపోని చిన్నవాటిని చెత్త చేప అని పేరు పెట్టి సముద్రంలో పారవేయడమో, కోళ్ళమేత కర్మాగారాలకు పంపడమో జరుగుతుంది. పెద్దదైతే ఒక కుటుంబానికి పూటకూడు కాగల చేప, వ్రేలెడు కూడ పెరుగకముందే పిండి అవుతున్నది.

దీనికి చట్టాలు లేకపోలేదు. మన రాష్ట్రంలో 1982 నాటి సముద్ర మత్స్య నియంత్రణ చట్టాన్ని అనుసరించి తీరం నుండి ఐదు కిలోమీటర్ల నీటిని సాంప్రదాయిక పడవలకు కేటాయించారు. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అరువదియొక్క రోజులు మరపడవల వేటకు విరామం ఉన్నది. ఋషికుల్య ముఖద్వారం వద్ద ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ రక్షణకై నవంబరు 1 నుండి మే 31 వరకు వేటపై నిషేధాలు అమలవుతాయి. ఈ నిషేధాలు మన ఇండ్లలో పొయ్యి వెలిగే తీరునే మార్చివేస్తాయని నాకు తెలుసు. ఆ నెలలలో హాజరుపట్టీ చూస్తేనే తెలిసిపోతుంది. తండ్రితో కలిసి పని వెదుక్కుంటూ ఊరు విడిచే పిల్లలుంటారు. కావున నిషేధం మంచిదా చెడ్డదా అని ఒక్కమాటలో తేల్చేవారితో నేను ఏకీభవించలేను. నేలకు విరామం కావాలి. ఆ విరామపు బరువు చిన్న పడవవాని భుజాలమీదనే పడరాదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పినప్పుడే న్యాయం.

తప్పంతా ట్రాలరుదే అని చేతులు దులుపుకొనడం కూడ న్యాయం కాదు. మన అలివి వల గుబ్బలో కన్ను నానాటికి చిన్నదవుతున్నది. నదీముఖాలలో దోమతెర గుడ్డతో పిల్లరొయ్యలను తోడేవారున్నారు. చపట చేపలలో పలు జాతుల పిల్లలు నదీముఖాల దగ్గరి లోతులేని నీళ్ళలోనే పెరుగుతాయి. అది వాటి బాలవాడి. బాలవాడిమీద దోమతెర వేస్తే మరునాటికి బడి ఎవరితో నిండుతుంది? ఈ సభలో కూర్చున్న తండ్రులు, అన్నలు నన్ను మన్నించాలి. మీ బిడ్డలకు చదువు చెప్పే దానిని గనుక ఈ మాట అనే చనువు తీసుకుంటున్నాను.

చివరగా భాషను గురించి ఒక మాట. 1780ల దశకంలో పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణంలో ఉండి, జాలరులు తెచ్చిన చేపలకు బొమ్మలు గీయించాడు. 1803లో లండనులో రెండువందల చేపల గ్రంథం వెలువరించాడు. మనవారు ఆ చేపలకు చెప్పిన తెలుగు పేర్లను ఆంగ్ల లిపిలో అందులో పొందుపరిచాడు. వాటిలో 'నోరీ నాలక' అన్న పేరు చపట చేపదే. అక్షరం రాని జాలరి నోట వెలువడిన మాట రెండువందల ఏండ్లకు పైగా శాస్త్రగ్రంథాలలో నిలిచిన దన్నమాట. ఆ జాలరి ఏ చేప ఏ నేలన పడుతుందో, ఏ నెలలో బలుస్తుందో చెప్పగలిగాడు. ఆ జ్ఞానం తెలుగు మాటలలోనే ఉండింది. ఈనాడు మన పిల్లలు పరీక్షలో 'టంగ్ సోల్' అని వ్రాయగలుగుతున్నారు. సంతోషం. కాని తాతకు తెలిసిన పది రకాల పేర్లలో మనుమనికి రెండు తెలుస్తున్నాయి. పేరు పోయిన చేప, ఉన్నా లేనట్లే. అది తగ్గిపోయినా తగ్గినదని గుర్తించేవారు ఉండరు. తెలుగు బడి ఈ తీరాన ఎందుకుండాలి అని అడిగేవారికి నేను చెప్పగల సమాధానాలలో ఇది ఒకటి.

అందుచేత ఈ ప్లాటినం జూబిలీ సంవత్సరంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాను. ప్రతి ఒక్కరు ఒక నోటుపుస్తకం పెట్టండి. అలివి లాగిన రోజున ఒడ్డున పడిన ప్రతి చేపకు మీ తాతలు, నాయనమ్మలు చెప్పే పేరు వ్రాయండి. నాలుక చేప దొరికితే కళ్ళు ఏ వైపున ఉన్నవో చూడండి. పొడవు కొలవండి. తేదీ వేయండి. పొలుసు ఒకటి కాగితంలో మడిచి తెస్తే మన ప్రయోగశాలలోని సూక్ష్మదర్శిని క్రింద దాని వలయాలను చూద్దాం. ఊపిరి ఉన్న పిల్లచేపను మాత్రం తిరిగి నీటిలో వదలిపెట్టండి. ఏటేటా ఈ పుస్తకాలను గ్రంథాలయంలో భద్రపరుస్తాము. ఇరువదియైదేండ్ల తరువాత శతజయంతి జరుపుకొనే వారికి, ఈ సముద్రంలో ఏది పెరిగినది, ఏది తరిగినది అన్న లెక్క మన చేతివ్రాతలో దొరకాలి.